కనీసం దొడ్డబళ్ళాపురం

బెంగళూరు,
3 ఫిబ్రవరి 2025

మామకు ఫర్హానా సలాం.

నీ చెవి మిషన్ ఇంకా బియ్యం డబ్బా మీదే ఉందని అమ్మ చెప్పింది. అది పెట్టుకుంటే ఫోన్లో రెండు నిమిషాల్లో తేలే సంగతికి నేను ఇన్ని కాగితాలు ఖరాబు చేస్తున్నాను. సరేలే, ముప్పై ఏళ్ళు బస్సు ఇంజను రొదలో టికెట్లు కొట్టిన చెవులు. వాటికీ రిటైర్మెంటు కావాలి.

ఒక పని పడి రాస్తున్నాను. చిన్నప్పుడు సెలవులకు నన్ను నీ బస్సులో పక్కన కూర్చోబెట్టుకుని ఒక ఆట ఆడించేవాడివి, గుర్తుందా? ఎక్కడ ఎక్కాడో చెప్పని మనిషిని చూసి ఎక్కడ ఎక్కాడో కనిపెట్టడం. ఆ కిటుకేంటో నీ మాటల్లో రాసి పంపు. మూడేళ్ళుగా నేను ఇక్కడ చేస్తున్నది అదే. బస్సు లేదు, అంతే తేడా.

నేను చూస్తున్నది ఒక గెలాక్సీ. దాని నడుమ ఉన్న కృష్ణబిలం దగ్గర నుంచి వెలుగు సరిగ్గా మన మొహం మీదికి టార్చి కొట్టినట్టు వస్తుంది. ఆ ధాటికి గెలాక్సీకి సొంతంగా ఉండాల్సిన గుర్తులన్నీ మునిగిపోతాయి. గుర్తు లేకపోతే దూరం తెలియదు. అయితే గెలాక్సీలకూ గెలాక్సీలకూ మధ్య ఖాళీ జాగాలో అక్కడక్కడ పలచగా హైడ్రోజన్ వాయువు ఉంటుంది. వెలుగు దాని గుండా వచ్చినప్పుడల్లా ఒక రంగు కొంచెం కొరికేసినట్టు సన్నటి నల్ల గీత పడుతుంది. వాయువు ఎంత దూరంలో ఉంటే ఆ గీత అంతగా ఎరుపు వైపుకు జరిగి కనిపిస్తుంది. అన్నిటికన్నా ఎక్కువ జరిగిన గీతను పట్టుకున్నామంటే వెలుగు కనీసం అక్కడి నుంచి వచ్చిందని చెప్పొచ్చు. మా వెలుగు కనీసం 380 కోట్ల ఏళ్ళు నడిచి వచ్చినట్టు తేలింది.

ఈ నెల 28న సైన్స్ దినం. మా సంస్థ గేట్లు అందరికీ తెరుస్తారు. ఆ రోజు మధ్యాహ్నం మూడింటికి ఈ సంగతే నేను కన్నడంలో చెప్పాలి. నాయనకు కన్నడం బాగా వచ్చు. ఆయనకు చెప్పమని నేను నిన్ను అడగడం లేదు. నేను కనగానపల్లి బడిలో టీచరు ఉద్యోగం వదిలిపెట్టి వచ్చిన నాటి నుంచి నాతో ఒక్క మాట మాట్లాడని మనిషి, బస్సెక్కి వస్తాడా? అమ్మకు చెప్పు చాలు. ఆయన వినబడేంత దగ్గర్లో ఉన్నప్పుడు చెప్పు.

రావాలని మాత్రం ఉంది మామా. నిజం చెప్తున్నాను.

నీ అసిస్టెంటు కండక్టరు,
ఫర్హానా

*

పెనుకొండ,
8 ఫిబ్రవరి 2025

చిరంజీవి ఫర్హానాకు అమానుల్లా మామ దీవెనలు.

చెవి మిషన్ గురించి ఇంకొకసారి రాస్తే నీ జాబు విప్పకుండా వాపసు పంపుతాను. అది పెట్టుకుంటే మీ అత్త మాట్లాడేదంతా వినబడుతుంది. నా కష్టం నీకేం తెలుసు?

కిటుకు అడిగావు కదా. మొహం చూడకూడదు. మొహం అబద్ధమాడుతుంది. మనిషి మీద దారి పెట్టిన గుర్తులు చూడాలి. ఒకసారి పెనుకొండ దాటినాక చెకింగు దిగింది. ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒకాయన "సోమందేపల్లిలో ఎక్కినాను సార్, టికెట్టు యాడో పడిపాయ" అన్నాడు. ఆయన పంట్లాము అంచుకు పట్టుగూళ్ళ పీచు అంటుకుని ఉంది. గూళ్ళ మూటలు దిగేది హిందూపురం స్టాండులో. "అన్నా, నువ్వు ఎక్కింది హిందూపురంలో" అని అక్కడి నుంచి టికెట్టు కొట్టాను. వెంటనే డబ్బులిచ్చి తీసుకున్నాడు. ధర్మవరంలో దిగేటప్పుడు నవ్వుతూ ఏమన్నాడో తెలుసా? "ఏమప్పా కండక్టరూ, నేను ఎక్కింది మడకశిరలో!" ఆ రోజు నుంచి నేను 'కనీసం' అనడం నేర్చుకున్నాను. చివరి గుర్తు వరకే మనకు తెలిసేది. దానికి ముందు ఎక్కలేదని మనం చెప్పకూడదు.

ఆదివారం దాకా ఆగలేక నిన్ననే ధర్మవరం పోయి వచ్చాను. మీ నాయన రంగుల కొట్టంలో బానల దగ్గర నిలబడి పట్టునూలు తిప్పుతున్నాడు. మోచేతుల దాకా రాణీ రంగు. నేను మా చెల్లెలికి చెప్తున్నట్టు గట్టిగా, వీధి చివరికి వినబడేంత గట్టిగా, చెప్పాను. తారీఖు, టైము అన్నీ. మీ నాయన తల ఎత్తలేదు. ఆ మొహం చూసి షఫీ మనసులో ఏముందో చెప్పగలిగే మనిషి ఇంకా పుట్టలేదు. "నూలు మాడిపోతాండాది, పక్కకు జరుగు బావా" అన్నాడు. అంతే.

నీ సంగతి మాత్రం ఊరంతా తెలిసింది. హైస్కూలు నోటీసు బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాయించాను: 'మన ఫర్హానా కొలిచిన వెలుగు దూరం: 380 కోట్ల ఏళ్ళ నడక'. పిల్లలు నోరెళ్ళబెట్టి చూస్తున్నారు.

ఇట్లు,
ఊరికే కూర్చోలేని మీ మామ,
అమానుల్లా

*

బెంగళూరు,
13 ఫిబ్రవరి 2025

మామా, సలాం.

నీ జాబు చదివి ముందు నవ్వాను, తరువాత తల పట్టుకున్నాను. మడకశిర మనిషి కథ నువ్వే చెప్పి, కింది పేరాలోనే నోటీసు బోర్డు మీద 380 అని రాయిస్తావా? 'కనీసం' ఏది? ఆ ఒక్క మాట పోతే నా మూడేళ్ళ పని గంగలో కలిసినట్టే. రేపు ఎవరైనా ఇంకా దూరంలో ఒక గీత పట్టుకున్నారనుకో, పెనుకొండ పిల్లలు నన్ను ఏమనుకుంటారు?

ఇంకొకటి కూడా ఉంది. వెలుగు మరీ దూరం నుంచి వస్తే దారి పొడుగునా ఇంకా గీతలు పడాలి. పడలేదు కాబట్టి 510 కోట్లకు మించి ఉండకపోవచ్చు. ఇది ఖాయం కాదు, గట్టి అంచనా. మా మేడమ్ స్వప్న గారు దీని మీదే రోజూ నా ప్రాణం తీస్తున్నారు. "గుర్తు కనబడలేదంటే గుర్తు లేదనా, నీ కళ్ళకు అందలేదనా?" అని అడుగుతారు. నిన్న ఆ ప్రశ్నకు జవాబు వెతుకుతూ అన్నం మాడ్చేశాను.

బోర్డు దిద్దించు. ఈ రోజే.

నాయన తల ఎత్తలేదని రాశావు. ఆ మాట నేను నాలుగు సార్లు చదివాను. పర్లేదులే. నేను ఏమీ ఆశ పెట్టుకోలేదు. మూడో వరుసలో ఒక కుర్చీ మీద పుస్తకం పెట్టి ఉంచుతాను, అంతే.

కోపంగా ఉన్నా ప్రేమతోనే,
ఫర్హానా

*

పెనుకొండ,
3 మార్చి 2025

అమ్మీ ఫర్హానా, దీవెనలు.

బోర్డు దిద్దించాను. జాగా లేక 'కనీసం' పైన చీమ తలకాయంత అక్షరాలతో పడింది. పిల్లలు బల్ల ఎక్కి చదువుతున్నారు.

ఇంక అసలు సంగతి. రంజాన్ ఒక్కపొద్దులు నిన్ననే మొదలైనాయి, అబద్ధం రాయను. 28వ తారీఖు తెల్లారే మీ నాయన ఉతికిన చొక్కా తొడుక్కుని, గుడ్డసంచి తీసుకుని, "పెనుకొండకు పోయొస్తా, అమానుల్లా బావతో పనుండాది" అని మీ అమ్మతో చెప్పి బయల్దేరాడట. నా దగ్గరికి రాలేదు! ఆ మాట మీ అమ్మ నాతో చెప్పినప్పుడు నా ఒళ్ళు మండింది. నా పేరు చెప్పి ఎక్కడ తిరిగినట్టు?

ఊరుకుంటానా? ఎంక్వయిరీ మొదలుపెట్టాను. సోమందేపల్లిలో టీకొట్టు ఈరప్ప నా పాత దోస్తు. "షఫీనా? పొద్దున్నే బస్సు ఈడ ఆగినబ్బుడు దిగి టీ తాగినాడు. యాడికి పోతాండావు అంటే నవ్వినాడప్పా" అన్నాడు. షఫీ నవ్వడం! అది ఇంకో విడ్డూరం. మళ్ళీ ధర్మవరం పోయి గుడ్డసంచి తిరగేశాను. అడుగున పట్టుగూళ్ళ పీచు. మీ నాయన కొట్టానికి వచ్చేది తీసిన నూలు, గూళ్ళు ఎప్పుడూ రావు. కాబట్టి హిందూపురం. తేలిపోయింది.

హిందూపురంలో ఏం పని? నూలు కొనలేదు, మీ అమ్మను అడిగాను. ఆలోచించగా ఆలోచించగా తట్టింది. పోయిన నెల అక్కడి ఒక ప్రైవేటు కాలేజీకి ఫిజిక్సు చెప్పేవాళ్ళు కావాలని పేపర్లో పడింది. ఆ కాగితం మీ నాయన కొట్టం గోడకు అంటించి ఉంది. నేను నా కళ్ళతో చూశాను. నీకు ఆ ఉద్యోగం మాట్లాడటానికే పోయినాడు! నువ్వు ఆ వెలుగును వదిలేసి ఊరికి దగ్గరగా వచ్చేయాలని ఆయన పట్టుదల. నాకు ఇదేమీ నచ్చలేదు. అయినా నీకు తెలియాలి కదా అని రాస్తున్నాను.

నీ ఉపన్యాసం ఎట్లా జరిగిందో రాయి.

మీ మామ,
అమానుల్లా

*

బెంగళూరు,
7 మార్చి 2025

మామా,

ఈ జాబు కోపంలో రాస్తున్నాను. చదివి చించేయి.

28న నేను మాట్లాడినంతసేపూ తలుపు వైపే చూశాను. హాలు నిండిపోయింది, వెనక గోడకు ఆనుకుని జనం నిలబడ్డారు. దీపాలు ఆర్పేసి తెర మీద గీతలు చూపిస్తున్నాం కాబట్టి వెనక ఎవరున్నారో కనబడలేదు. మూడో వరుసలో కుర్చీని చివరి దాకా కాపాడాను. ఆఖరికి ఒక ముసలాయన పుస్తకం తీసి కూర్చున్నాడు. నేను ఇక్కడ ఆయన కోసం కుర్చీ పట్టుకుని ఉంటే, ఆయన అదే రోజు, అదే గంటకు, హిందూపురంలో నా ఉద్యోగం బేరం చేస్తున్నాడన్నమాట! ఇంకో రోజు దొరకలేదా?

మూడేళ్ళు మాట్లాడకపోయినా భరించాను. ఇది భరించలేను. నేను ఈ ఏడు ధర్మవరం రాను. ఆ కాలేజీ వాళ్ళకు నేను రానని ఆయనే చెప్పుకోవాలి.

ఉపన్యాసం బాగానే జరిగింది. చీటీల మీద ప్రశ్నలు రాసి పంపారు. ఒక చీటీ తెలుగులో ఉంది. సభ నడిపే ఆయనకు తెలుగు రాదు, నవ్వుతూ నా చేతిలో పెట్టాడు. అందమైన రాత, ఎవరో కాలేజీ అమ్మాయిది అయ్యుంటుంది. 'ఇన్ని చోట్ల రంగు పోగొట్టుకుని వచ్చిన వెలుగుకు, మొదట ఉండిన రంగు ఏందో చెప్పగలరా?' అని ఉంది. చాలా మంచి ప్రశ్న. అప్పటికే "టైము అయిపోయింది" అని మైకులో చెప్పేశారు. చీటీని ఫైల్లో పెట్టుకుని వచ్చేశాను. ఆ అమ్మాయికి జవాబు చెప్పలేదని అదొక బాధ.

మనసు బాగాలేదు మామా. అత్తకు సలాం చెప్పు.

ఫర్హానా

*

పెనుకొండ,
11 మార్చి 2025

అమ్మీ, తొందరపడి ఎవరి మీదా కోపం పెంచుకోవద్దు. నేను బుద్ధిలేని మనిషిని. ముప్పై ఏళ్ళు కండక్టరు పని చేసి, సొంత బావమరిది దగ్గర సొంత కిటుకు మరిచిపోయాను.

నీ జాబు చూసి రోషం వచ్చి, ఒక్కపొద్దు మీదే ఎండలో బస్సెక్కి ధర్మవరం పోయాను. నేరుగా కొట్టంలోకి పోయి నిలదీద్దామని. ఆయన లేడు. ముందు గోడ మీది కాగితం దగ్గరికి పోయాను. చించి తీసి వెనక్కి తిప్పితే, అమ్మీ, ఆ పక్క నీ సంస్థ ప్రకటన ఉంది! 28వ తారీఖు, గేట్లు తెరుస్తారు, అందరూ రావచ్చు. నీరు చిందకూడదని ఆయన ఆ పక్కను గోడ వైపుకు తిప్పి అంటించుకున్నాడు. నేను ఈ పక్క చదివి కాలేజీ కథ కట్టేశాను. నన్ను ఏం చేసినా పాపం లేదు.

అప్పుడు గుడ్డసంచి మళ్ళీ అడిగి తీసుకున్నాను. ఈసారి కండక్టరు మాదిరి చూశాను. మీ నాయనకు టికెట్టును బీడీ మాదిరి చుట్టి కుట్టు సందులో దోపే అలవాటు. పాత రోజుల్లో ఆయన టికెట్టు వెతికేసరికి నాకు తల ప్రాణం తోకకు వచ్చేది. సంచి కుట్టు విప్పితే దొరికింది. కన్నడ టికెట్టు. గౌరిబిదనూరు నుంచి దొడ్డబళ్ళాపురం. తారీఖు 28.

హిందూపురంలో ఆగలేదమ్మీ ఆయన. కనీసం దొడ్డబళ్ళాపురం. మారి మారి, చిన్న చిన్న బస్సుల్లో పోయినాడు. నేరుగా పోయే బస్సెక్కితే తెలిసినవాళ్ళు చూస్తారని అయ్యుంటుంది.

ఇంతవరకే నాకు తెలిసింది. ఇంకొక్క అడుగు ముందుకు చెప్పను, మడకశిర మనిషి ఇప్పటికీ నా కళ్ళ ముందర ఉన్నాడు. దొడ్డబళ్ళాపురం దాటితే గుర్తు నా దగ్గర లేదు. ఉంటే నీ దగ్గరే ఉండాలి. ఆ రోజు నీ చేతికి వచ్చినవన్నీ ఒకసారి చూడు.

ఆయనతో నేనేమీ అనలేదు. కాగితం ఎట్లా ఉండిందో అట్లే అంటించి వచ్చాను. కొంచెం వంకరగా పడింది.

సిగ్గుపడుతూ,
అమానుల్లా మామ

*

బెంగళూరు,
15 మార్చి 2025

మామా,

నీ జాబు నిలబడే చదివాను. చదివి ఫైలు తీశాను. ఆ చీటీ తీశాను.

రాత నాయనది కాదు. ఆయనకు సంతకం మించి రాయడం రాదు కదా. పక్కన కూర్చున్న ఏ అమ్మాయి చేతనో రాయించుకుని ఉంటాడు. కానీ చీటీని నాలుగు మడతలు పెట్టి ఉంది. మడత విప్పిన చోట, మూలన, బొటనవేలి గుర్తు. చెమట పట్టిన వేలి గుర్తు. రాణీ రంగు.

చిన్నప్పటి నుంచి నా బడి పుస్తకాల అట్టల మీద, నా జడ రిబ్బన్ల మీద, పరీక్ష హాల్ టికెట్టు మీద ఆ వేలి గుర్తు పడింది. ఎన్ని సార్లు ఏడ్చి గొడవ చేశానో! ఇప్పుడు చూసి కూడా ఏడ్చాను మామా, కానీ నవ్వుతూ.

ఆ రోజు గేటు దగ్గర వచ్చిన ప్రతి ఒక్కరి ముంజేతికీ ఎర్ర ముద్ర వేశారు. మోచేతుల దాకా రాణీ రంగు పట్టిన నాయన చేతి మీద ఆ ముద్ర వెతికినా కనబడదు!

మూడేళ్ళకు ఆయన నన్ను ఒక్క మాట అడిగితే, నేను దాన్ని మడిచి ఫైల్లో పెట్టుకున్నాను. వచ్చే శనివారం పొద్దున బస్సెక్కుతున్నాను. జవాబు చెప్పాలి.

ఇంకొక సంగతి. మన గొడవలో పడి చెప్పలేదు. మేడమ్ మొన్న కొత్త పరిశీలన తెప్పించారు. 380 దాటి ఇంకో గీత బయటపడింది. చాలా సన్నటిది, ఇన్నాళ్ళూ నా కళ్ళకు అందలేదు. ఇప్పుడు 460. కనీసం.

ఫర్హానా

*

పెనుకొండ,
18 మార్చి 2025

(కార్డు)

అమ్మీ, పెనుకొండలో దిగొద్దు. మీ అత్త ఏడ్చినా దిగొద్దు. నేరుగా పో. బోర్డు మీద 460 దిద్దించాను, ఈసారి 'కనీసం' అన్నిటికన్నా పెద్దగా. మామ.

*

ధర్మవరం,
23 మార్చి 2025

మామా, సలాం.

నిన్న నేను పోయేసరికి నాయన కొట్టంలోనే ఉన్నాడు. నన్ను చూసి, మళ్ళీ బాన వైపు చూశాడు. నేను సంచి దించలేదు. చీటీ తీసి ఆయన ముందర పట్టుకున్నాను.

"దీనికి జవాబు చెప్పేకి వచ్చినా నాయనా."

నూలు బానలోంచి పైకెత్తి పక్కన పెట్టాడు. తరువాత అన్నాడు, మూడేళ్ళకు మొదటి మాట: "టైము అయిపోయిందని మైకులో చెప్పినారు గదా. అయిపోయిందేమో అనుకొని వచ్చేస్తి."

చూశావా మామా! అంత దూరం నాలుగు బస్సులు మారి వచ్చిన మనిషి, ఎవరో మైకులో ఒక మాట అన్నారని వెనుదిరిగి పోయాడు.

"అయిపోలేదు నాయనా" అన్నాను. అన్నాక ఇద్దరం రంగు పీపాల మీద కూర్చున్నాం. గీతలు పడిన చోట్లు ఎన్ని ఉన్నా, వాటి మధ్య గీత పడని చోట్లు ఉంటాయని, వాటిని కలుపుకుంటూ పోతే వెలుగు మొదట ఎట్లా ఉండిందో చాలావరకు తెలుస్తుందని చెప్పాను. ఆయన లేచి, ఆరేసిన పట్టునూలు చిలప ఒకటి తెచ్చి, దానికి కట్టిన తాడు విప్పాడు. తాడు కింద వేలెడంత మేర నూలుకు రంగు పట్టలేదు, ముడి పట్టు తెలుపు అట్లే ఉంది.

"ఈ మాదిరా?"

"సరిగ్గా ఇదే మాదిరి."

"మాకు ఇది తప్పు. మీకు ఇదే ఆధారమా!" అని నవ్వాడు. ఈరప్ప అబద్ధం చెప్పలేదు, నాయన నవ్వుతాడు.

ఇంక అడగడం మొదలుపెట్టాడు చూడు! ఆ వాయువు అక్కడికి ఎట్లా వచ్చింది, కృష్ణబిలం వెలుగును మింగుతుంది అంటారే మరి వెలుగు ఎక్కడిది, గీత ఎరుపుకే ఎందుకు జరుగుతుంది, నీలానికి ఎందుకు జరగదు. మా మేడమ్ కూడా ఇంత పీడించలేదు. అజాన్ వినబడింది. అమ్మ ఖర్జూరాలు, నీళ్ళు తెచ్చి పెట్టింది. నాయన ఖర్జూరం చేతిలో పట్టుకుని ఇంకా అడుగుతూనే ఉన్నాడు. ఒక్కపొద్దు విడిచేదాంట్లో నిమిషం ఆలస్యమైతే ఇల్లు పీకి పందిరి వేసే మనిషి! "మీ లెక్కలు తగలెయ్య, ముందు నోట్లో ఏస్కోండి!" అని అమ్మ అరిచింది.

"ఇంతకీ ఏం తేలింది? ఎంత దూరం?" అని అడిగాడు.

"కనీసం నాలుగు వందల అరవై కోట్ల ఏళ్ళు."

"కనీసమేంది? సరిగ్గా చెప్పలేవా?"

"ఇంకా లేదు నాయనా."

ఆయన తన చేతులకేసి చూసుకున్నాడు. తరువాత అన్నాడు:

"అయితే పొయ్యి సరిగ్గా చూసుకొని రా. పిల్లోళ్ళకు పాఠాలు చెప్పేకి ఇంకెవురన్నా వస్తార్లే."

అని ఖర్జూరం నోట్లో వేసుకున్నాడు.

రేపు తిరుగు బస్సులో పెనుకొండలో దిగి ఈ జాబు నేనే నీ చేతిలో పెడతాను. నాయన కూడా నాతో వస్తున్నాడు. 'అమానుల్లా బావతో పనుండాది' అంటున్నాడు. ఈసారి నిజంగానే ఉందట. గోడ మీది కాగితం వంకరగా ఎవరు అంటించారో కనుక్కోవాలట.

నీ అసిస్టెంటు,
ఫర్హానా